జీడిపిక్కలూ జీడీపీ లెక్కలూ

కార్మికుల ఆరోగ్యంపై పరిశోధన జరగాలని మనసారా కోరుకునే పెద్దమనుషుల్లో నేనూ ఒకణ్ణి. అందుకే పలాస జీడి కార్మికుల కోసం తయారైన సర్వే పత్రం చేతికి రాగానే కళ్లకద్దుకుని చదివాను. ఒక ప్రశ్న దగ్గర చూపు ఆగిపోయింది: ‘కార్మికుల అనారోగ్యం వల్ల యాజమాన్యానికి కలిగిన పనిదినాల నష్టం ఎంత?’

ఎంత లోతైన ప్రశ్న! పిక్కలు కొట్టే ఆమెకూ, పప్పు పొట్టు తీసే ఆమెకూ కిలోల లెక్కన కూలి. చేతులు పుండై ఇంట్లో ఉండిపోతే ఆ రోజు కూలి లేదు. ఆమె వాటా పిక్కలు పక్కావిడ ముందుకు జరుగుతాయి. యాజమాన్యానికి నష్టం సున్నా. పని ప్రమాదాల వల్ల, వృత్తిరోగాల వల్ల ప్రపంచ జీడీపీలో 4 శాతం పోతోందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2003లో అంచనా కట్టింది. అందులో పలాస, కాశీబుగ్గల వాటా ఏమీ లేదని మనం ఇకపై ఛాతీ విరుచుకుని చెప్పుకోవచ్చు.

ఇక సర్వే జరిగే తీరు ఊహించండి. పిక్క పెంకులోని సొనలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి. తగిలిన చోట చర్మం కాలుతుంది. అదే సొనను పీపాలకెత్తి రంగులకు, బ్రేకు లైనింగులకు అమ్ముతారు కాబట్టి దానికి ధర ఉంది, కాలిన చర్మానికి లేదు. సరే, సర్వే కుర్రవాడు వచ్చాడు. అంగీకారం కోసం వేలిముద్ర కావాలి.

“వేలు పెట్టమ్మా.” యంత్రం ఒప్పుకోలేదు. “తుడిచి పెట్టమ్మా.” ఒప్పుకోలేదు. “ఎడమ చెయ్యి.” “చూపుడు వేలు.” “సబ్బుతో కడుక్కుని రామ్మా.”

“ఎన్నిసార్లు కడిగినా ఇంతే బాబూ. రేషను దగ్గరా ఇదే గోల.”

కుర్రవాడు పై అధికారికి ఫోను చేస్తాడు. ముద్ర పడని వారిని నమూనా నుంచి తొలగించమని ఆదేశం వస్తుంది. ఇక మిగిలేది ఎవరు? నిన్నగాక మొన్న చేరిన పిల్ల, మేస్త్రీ, తూకం రాసే గుమస్తా. ముగ్గురి చేతులూ తామరరేకుల్లా ఉన్నాయి. ‘చర్మవ్యాధులు కనిపించలేదు’ అని నివేదిక వెలువడుతుంది. జబ్బుపడి పని మానేసిన వారు ఎలాగూ లెక్కలోకి రారు. పనిలో మిగిలిన వారినే పరీక్షించి పని ఆరోగ్యకరమని తేల్చడం ఈ శాస్త్రంలో పాత లోపమే, మనం దాన్ని పద్ధతిగా మార్చుకున్నాం.

కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానం వారికి ఇలాంటి సర్వేలు కొత్త కాదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల జనం ఏళ్ల తరబడి రక్తమూ, మూత్రమూ, బావినీళ్లూ సీసాల్లో పోసి ఇస్తూనే ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం కూడా ప్రారంభమైంది. జబ్బుకు కారణం మాత్రం ఇదమిత్థంగా తేలలేదు. మధ్య అమెరికా చెరకు తోటల కూలీల కిడ్నీ జబ్బుదీ అదే కథ. అయినా నికరాగువాలో ఒకచోట కూలీలకు నీళ్లు, నీడ, విశ్రాంతి పెంచి చూశారు. కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. మన దగ్గర ఎండలో పని ఆపి నీడలో కూర్చోబెట్టడానికి ఇంకెన్ని సీసాలు నిండాలో!

ఇదంతా నవ్వుతూనే భరించవచ్చు. భరించలేనిది ఆ నివేదిక చివరి పేజీ: ‘కార్మికుల్లో అవగాహన లోపం ఉంది. గ్లౌజులు ఇచ్చినా ధరించడం లేదు.’

అవగాహన లోపమా? గ్లౌజు వేసుకుంటే వేలు ఆడదు. వేలు ఆడకపోతే తూకం తగ్గుతుంది. తూకం తగ్గితే సాయంత్రం చేతికొచ్చే డబ్బు తగ్గుతుంది. పప్పు విరిగి బద్దయితే విరగని గుండు పప్పు ధర రాదని మాట కూడా పడాలి. ఈ లెక్క ఆమెకు కంఠతా వచ్చు. చర్మం అమ్ముకుని కిలోలు కొనుక్కుంటున్నానని తెలిసే ఆమె గ్లౌజు తీసి పక్కన పెడుతోంది. తెలియనిది ఏసీ గదిలో కూర్చుని ఆ వాక్యం రాసిన వారికి! సిగ్గులేకుండా నేరం కూడా ఆమె మీదే వేస్తారా?

సిఫార్సుల పేజీలో చోటు మిగిలితే ఒక్క ముక్క రాసుకోండి: గ్లౌజులతో పని చేస్తే ఎంత తూకం తగ్గుతుందో కొలిచి, ఆ మేరకు కిలో రేటు పెంచాలి. అప్పుడు యాజమాన్యం నష్టం గడిలో వేయడానికి మీకూ ఒక అంకె దొరుకుతుంది.