మెనూ కార్డు ప్రకారం ఆసియా ఖండం

పాఠశాలల్లో భూగోళ శాస్త్రాన్ని బోధించే పద్ధతిని సమూలంగా మార్చవలసిన అవసరం ఏర్పడిందని పెద్దలకు సవినయంగా విన్నవించుకోవడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. నేను భూగోళ శాస్త్రవేత్తను కాను. అయితే గత ఆరేళ్ళుగా సిరిపురం మొదలు ఎంవీపీ కాలనీ వరకు, అక్కడి నుంచి బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ దాకా, విశాఖపట్నంలో ఆసియా వంటకాలనీ ప్రాంతీయ వంటకాలనీ వడ్డించే హోటళ్ళలో ఆదివారం రాత్రుళ్ళు కుటుంబ సమేతంగా, సొంత ఖర్చుతో క్షేత్ర పరిశోధన చేసినవాణ్ణి. పాఠ్యపుస్తకంలోని ఆసియాకు, మెనూ కార్డులోని ఆసియాకు ఎక్కడా పొంతన కుదరడం లేదన్నది నా పరిశోధనలో తేలిన మొదటి విషయం. ఈ రెండింటిలో ప్రజలు దేనిని విశ్వసిస్తున్నారో తెలుసుకోవాలంటే, రాత్రి ఎనిమిదిన్నరకు ఏదైనా హోటలు గుమ్మం ముందు, టేబులు ఖాళీ అయ్యే వరకు ప్లాస్టిక్ కుర్చీల్లో ఓపికగా కూర్చున్న జనాన్ని చూడాలి. పాఠ్యపుస్తకం కోసం ఎవరైనా అలా కూర్చోగా నేను చూడలేదు.

మెనూ కార్డు ప్రకారం ఆసియా ఖండం సూపులతో మొదలై ఫ్రైడ్ రైసుతో ముగుస్తుంది. అమెరికా ఇందులో ఒక చిన్న రాష్ట్రం. చైనీస్ పేజీలో నూడుల్స్ కింద, అమెరికన్ చాప్‌సూయ్ అన్న పేరుతో దానిని చూడవచ్చు. సింగపూర్ నూడుల్స్ అనే వంటకం సింగపూరులో పుట్టింది కాదట, హాంకాంగ్ వంటవాళ్ళ సృష్టి అంటారు. అయినా మన కార్డులో ఆ రెండు నగరాల మధ్య దూరం ఒక కామా మాత్రమే. షెజ్వాన్ అన్నది చైనాలోని సిచువాన్ రాష్ట్రం. అక్కడివాళ్ళు నాలుకను తిమ్మిరెక్కించే ఒక రకం మిరియాన్ని వాడతారని పుస్తకాలు చెబుతున్నాయి. మన షెజ్వాన్‌లో ఆ మిరియం ఉండదు. ఎండుమిర్చి, వెల్లుల్లి, దానికి తోడు గుడిగోడకు వేసే కావిరంగును తలపించే ఎరుపు ఉంటాయి. తిమ్మిరి మాత్రం బిల్లు వచ్చినప్పుడు ఎక్కుతుంది.

ఈ ఖండంలో అతి పెద్ద దేశం మంచూరియా. పాఠ్యపుస్తకం ప్రకారం ఇది చైనా ఈశాన్య మూలన, చలికాలంలో నదులు గడ్డకట్టే చోట ఉంది. దానిని జపాను 1931లో ఆక్రమించింది. మనం 1975 తరువాత ఆక్రమించాం. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చైనీయుడు ఆ ఏడాది బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియా వంటగదిలో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, గరం మసాలా వెయ్యవలసిన చోట సోయా సాసు వేసి, మొక్కజొన్న పిండితో చిక్కబరిచి, చికెన్ మంచూరియాను కనిపెట్టాడని చెబుతారు. జపాను సైన్యం పద్నాలుగేళ్ళలో ఖాళీ చేసి వెళ్ళిపోయింది. మనవాళ్ళు యాభై ఏళ్ళయినా ఖాళీ చెయ్యలేదు సరికదా, గోబీ మంచూరియా, ఎగ్ మంచూరియా, రొయ్యల మంచూరియా అంటూ రాజ్యాన్ని విస్తరిస్తూనే ఉన్నారు. మిగిలిపోయిన ఇడ్లీలకు సైతం అక్కడ పౌరసత్వం లభించింది. పక్కన ఉల్లిపాయ ముక్కలూ నిమ్మచెక్కా లేకుండా మంచూరియా తెచ్చిపెట్టిన హోటలును మన విశాఖవాసి ప్రామాణికత లేనిదిగా పరిగణిస్తాడు; ఆ విషయంలో నేనూ రాజీ పడను.

భూగోళం తరువాత గణితం. మన దేశంలో భిన్నాలను బోధించవలసింది సూపు ద్వారానే అని నా దృఢాభిప్రాయం. ఆరుగురు సభ్యులున్న కుటుంబం మూడు మాంచో సూపులు ‘వన్ బై టూ’ చెప్పవలెనా, రెండు సూపులు ‘వన్ బై త్రీ’ చెప్పవలెనా అన్న చర్చ మా ఇంట్లో జరిగినంత లోతుగా చట్టసభల్లో కూడా జరగదు. వెయిటరు ముఖం చూస్తే రెండో పద్ధతి చెప్పడానికి నోరు రాదు. అంతలోనే అతడు అసలు ప్రశ్న వేస్తాడు: ‘వాటర్ నార్మలా, బాటిలా సార్?’ ఈ ప్రశ్నకు సమాధానం చెప్పేటప్పుడు పక్క టేబులువాళ్ళు మాట్లాడటం ఆపి వింటారని ప్రతి గృహస్థుకూ ఒక నమ్మకం. ఇంటి దగ్గర కుళాయి నీళ్ళు కాచుకుని తాగే నేను, ఆ క్షణంలో నా వంశ మర్యాద గుర్తొచ్చి, ‘బాటిలే’ అంటాను. మా ఆవిడ టేబులు కింద నా కాలు తొక్కుతుంది. బాటిలు మూత మాత్రం అప్పటికే ఊడిపోయి ఉంటుంది.

ఇక జనాభా శాస్త్రం. సిరిపురం దగ్గర ఒక హోటలుంది, పేరు చెప్పను. గుమ్మంలో నవ్వుతున్న బుద్ధుడు, కప్పుకు వెదురు బొంగులు, గోడ మీద ఎవరికీ అర్థంకాని అక్షరాలు. మాకు వడ్డించిన కుర్రాణ్ణి పక్క టేబులు ఆడపిల్లలు కొరియావాడనుకుని పక్కన నిలబెట్టి సెల్ఫీలు తీసుకున్నారు. అతడిది డార్జిలింగ్. ఆ సంగతి నాతో మెల్లగా, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పాడు. యజమాని చెప్పవద్దన్నాడేమోనని నాకు అనుమానం. ‘మరి వంట ఎవరు చేస్తారు బాబూ?’ అని అడిగితే వంటగది తలుపు వైపు చూపించాడు. లోపల పెద్ద మంట మీద మూకుడు ఎగరేస్తున్న వ్యక్తిది ఇచ్ఛాపురం. థాయిలాండ్ కొబ్బరిపాల కూర, జపాను సుషీ, టిబెట్ మోమో, కొరియా రామెన్ నాలుగూ ఆయన చేతి మీదుగానే వస్తాయి. పని అయ్యాక ఏం తింటారని అడిగితే ఆయన చారన్నం అన్నాడు. డార్జిలింగ్ కుర్రాడు కూడా అదే తింటాడట.

ఇదే సమయంలో, అక్కడికి కిలోమీటరు దూరంలో పల్లెటూరి హోటలు నడుస్తోంది. గడ్డి కప్పు, లాంతర్లు, గోడకు ఎడ్లబండి చక్రం, కూర్చోవడానికి నులకమంచాలు. పంచెకట్టుతో, ఎర్ర తలపాగాతో ఎదురొచ్చి నమస్కారం పెట్టిన యువకుడు నేపాలు నుంచి వచ్చినవాడు. నేపాలు యువకుడు రాగి సంగటి, నాటుకోడి పులుసు వడ్డించగా, శ్రీకాకుళం జిల్లా వంటవాడు మోమోలు చుట్టగా, నగరంలో ప్రాంతీయ సమతుల్యం ఏ లోటూ లేకుండా సాగుతోంది. నాకు వచ్చిన నాలుగు ముక్కల హిందీలో ‘కారం థోడా కమ్’ అని చెబితే ఆ యువకుడు స్వచ్ఛమైన తెలుగులో ‘అలాగే అండీ, ఊరగాయ వేయమంటారా?’ అన్నాడు. తలపాగాకు అతడే తగినవాడు.

ఈ ప్రాంతీయ హోటళ్ళలో రాయలసీమ ఉంది, కోనసీమ ఉంది, పల్నాడు ఉంది, రాజుగారి కోడి పలావుతో సహా రాజులు కూడా ఉన్నారు. లేనిది ఒక్క ఉత్తరాంధ్ర. ఉందనిపించుకోవడానికి అరకు నుంచి బొంగులో చికెన్ దింపారు. అడవిలో నిప్పుల మీద కాలవలసిన ఆ వెదురు గొట్టం ఇక్కడ ఎక్కువగా వడ్డించే పాత్రగా పనిచేస్తోంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర కావాలని అడిగాను. మేనేజరు సానుభూతితో చూసి, పనీర్ ఉందన్నాడు. చివరికి ‘హెరిటేజ్ డ్రింక్స్’ అన్న శీర్షిక కింద చోడంబలి, అంటే రాగి అంబలి, కనబడింది, మట్టి ముంతలో, నూట నలభై రూపాయలకు. చోడవరంలో పుట్టి పెరిగిన మా అమ్మ ఆ కార్డును కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది. ‘ఏటిరా ఇది? ఈ అంబలి తాగే బాద నీకు తప్పాలనే కదరా మీ నాన్న నిన్ను సదివించింది!’ అంది. నేపాలు యువకుడితో సహా అందరం తల దించుకున్నాం. అంబలి మాత్రం తెప్పించాం. అందులో పుదీనా ఆకు వేసి ఉంది. అమ్మ దాన్ని వేలితో తీసి, పురుగును పెట్టినట్టు పళ్ళెం అంచున పెట్టింది.

సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు కనుక చేప గురించి ఒక మాట చెప్పకపోతే పరిశోధన అసంపూర్ణమవుతుంది. తెల్లవారేసరికి మన ఫిషింగ్ హార్బరులో పడవలు దిగి, వంజరం, చందువా, కానాగంతలు, నెత్తళ్ళు గుట్టలు పోసి వేలం పాడుతారు. రాత్రికి అదే ఊరి హోటల్లో ‘థాయ్ ఫిష్’ అని చెబితే, ముల్లూ వాసనా రుచీ ఏవీ లేని తెల్లటి ముక్క వస్తుంది. అది బాసా. ఆ జాతి పుట్టినిల్లు మెకాంగ్ నది. మొదట నాకు కోపం వచ్చింది, తరువాత ఆలోచిస్తే హోటలువారి నిజాయితీ అర్థమైంది. ఆ పళ్ళెం మొత్తంలో నిజంగా ఆగ్నేయాసియాకు చెందినది ఆ ముక్క ఒక్కటే. నెత్తళ్ళ వేపుడు ఎందుకు పెట్టరని అడిగితే ‘కస్టమర్లు ముళ్ళు ఇష్టపడరు సార్’ అన్నారు. పక్కనే కూర్చున్న ఆ కస్టమర్లు చాప్‌స్టిక్సుతో నూడుల్స్ పట్టుకోలేక పావుగంటగా అవస్థ పడుతున్నారు. అది కష్టం కాదు కాబోలు.

బిల్లు సంగతి క్లుప్తంగా ముగిస్తాను. ఐదు శాతం జీఎస్టీ న్యాయమే, దానిని రాష్ట్రం, కేంద్రం చెరి సగం పంచుకుంటాయి. ఆ ‘వన్ బై టూ’ పట్ల ఎవరికీ అభ్యంతరం లేదు. సర్వీస్ ఛార్జిని మాత్రం బిల్లులో దానంతట అదే కలిపెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఈ వివరాలన్నీ నాకు కంఠతా వచ్చు. సోంపు, పటికబెల్లం పెట్టిన గిన్నెతో కలిపి బిల్లు నా ముందుంచినప్పుడు మాత్రం, గుప్పెడు సోంపు నోట్లో పోసుకుని మాట్లాడకుండా కట్టి వచ్చేస్తాను. నోటి నిండా సోంపుతో హైకోర్టును ఉదహరించడం కుదరదు.

ఇంతకూ విశాఖకు ఆసియాతో సంబంధం నిన్న మొన్నటిది కాదు. జపానువారు 1942 ఏప్రిల్ 6న ముందస్తు రిజర్వేషను లేకుండా విమానాల మీద వచ్చి ఈ ఊరి మీద బాంబులు వేసి పోయారు. ఇప్పుడు వారి పేరు మీద ఎనిమిది సుషీ ముక్కలు ఆరువందల రూపాయలకు ఇస్తున్నారు. ఆ యుద్ధకాలంలో కొందరు, 1962లో బర్మా సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక మరికొందరు రంగూన్ వదిలి కట్టుబట్టలతో తిరిగివచ్చిన తెలుగువాళ్ళు కంచరపాలెం వైపు స్థిరపడగా, ఆ చోటికి బర్మా క్యాంపు అనే పేరు నిలిచింది. వారు తమతో తెచ్చిన ఖౌస్వే, అంటే శనగపిండి కలిపిన కొబ్బరిపాల పులుసులో నూడుల్స్, పైన వేయించిన ఉల్లిపాయలు, ఉడికిన గుడ్డు, నిమ్మరసం, ఇప్పటికీ ఆ చుట్టుపక్కల దొరుకుతుంది. బుద్ధుడి బొమ్మ లేకపోవడం వల్ల దానిని ఆసియా వంటకాల కింద ఎవరూ లెక్కపెట్టలేదు.

పరిశోధన ముగింపుగా మొన్న ఆదివారం కుటుంబాన్నంతా అక్కడికి తీసుకువెళ్ళాను. మా బావమరిది, వెలుతురు చాలదు, ఫోటో రాదని కారులోనే కూర్చున్నాడు. బండి దగ్గర ఉన్న పెద్దావిడ వాళ్ళ అమ్మ రంగూన్‌లో వండిన పద్ధతినే చేస్తానని చెప్పింది. నేనూ అమ్మా రెండు ప్లేట్లు తిన్నాం. వన్ బై టూ కాదు, ఎవరిది వారిదే. అమ్మకు పుదీనా లేకపోవడం బాగా నచ్చింది. తలెత్తి చూస్తే బండికి కట్టిన బోర్డు మీద ‘బర్మా ఖౌస్వే’ అని చిన్న అక్షరాల్లో, ‘గోబీ మంచూరియా, ఎగ్ మంచూరియా’ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. ఇదేమిటమ్మా అని అడిగాను.

‘అదొక్కటే ఎడితే పిల్లలు రారు బాబూ’ అంది ఆవిడ.

మా అబ్బాయి ఎగ్ మంచూరియా తీసుకున్నాడు. ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క అడగకుండానే వేసింది. సిరిపురంలో దానికంటే బాగుందట.