బరో ముందు నిలబడేదెవరు?

2021 ఏప్రిల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సిన్సినాటి బెంగాల్స్ అభిమానులు ఇద్దరు ఎక్కడ కలిసినా వాదన ఒక్కటే: సూయెల్‌ను తీసుకోవాలా, చేజ్‌నా? అప్పటికి అయిదు నెలల కిందటే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) జో బరో మోకాలు దెబ్బతింది. 2020 డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోటు) మొట్టమొదట ఎంపికైన ఆ కుర్రాడు, నవంబర్ 22న వాషింగ్టన్‌తో ఆడుతూ ఎడమ మోకాలి లిగమెంట్లు తెగి బండి మీద మైదానం దాటాడు. ఇప్పుడు జట్టు చేతిలో అయిదో ఎంపిక ఉంది. ఒకవైపు పెనే సూయెల్, ఓరెగాన్ నుంచి వస్తున్న భారీ టాకిల్. మరోవైపు రిసీవర్ జమార్ చేజ్, కాలేజీలో బరో విసిరిన బంతులే పట్టి జాతీయ టైటిల్ గెలిచినవాడు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ మనవాళ్లకు ఈ ఆట అలవాటైపోయింది కానీ, ఇక్కడున్నవారి కోసం ఒక్క మాట. క్వార్టర్‌బ్యాక్ ముందు అయిదుగురు వరసగా నిలబడతారు; ఆ వరసే లైన్. మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, రెండు చివర్లా టాకిల్స్. బంతి పట్టడం, పాయింట్లు చేయడం వాళ్ల వంతు కాదు. మీదికొచ్చే ప్రత్యర్థులను ఆపి, బంతి విసరడానికి రెండున్నర మూడు సెకన్లు సంపాదించి పెట్టాలి. అది కుదరక, విసరకముందే క్వార్టర్‌బ్యాక్ దొరికిపోయి కిందపడితే దాన్ని శాక్ అంటారు. లైన్‌మన్ పేరు టీవీలో వినపడిందంటే చాలాసార్లు ఏదో తప్పు చేశాడనే లెక్క.

బెంగాల్స్ చేజ్‌నే తీసుకున్నారు. మొదటి ఏడాదే అతను పట్టిన బంతులతో 1,455 గజాలు, 13 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించే స్కోర్లు) చేశాడు. జట్టు సీజన్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు వెళ్లింది. సూయెల్ కావాలన్నవాళ్లు నోరు మూసుకోవాల్సి వచ్చింది. కానీ అదే ఏడాది బరో రెగ్యులర్ సీజన్‌లో 51 సార్లు శాక్ అయ్యాడు. నాకౌట్ మ్యాచ్‌లైన ప్లేఆఫ్స్‌లో టెనెసీ మీద 9 సార్లు పడీ ఎలాగో గెలిచాడు. సూపర్ బౌల్‌లో ర్యామ్స్ చేతిలో 7 సార్లు పడ్డాడు, జట్టు 23-20తో ఓడింది. నాలుగు ప్లేఆఫ్ మ్యాచ్‌లవి కలుపుకుంటే ఒక్క సీజన్‌లో 70. ఏడాది కిందట మోకాలికి ఆపరేషన్ అయినవాడికి!

నా ఉద్దేశంలో చేజ్‌ను తీసుకోవడం తప్పు కాదు. తప్పు రెండో రౌండ్‌లో జరిగింది. బెంగాల్స్ 38వ ఎంపికను న్యూ ఇంగ్లాండ్‌కు ఇచ్చి 46కు దిగారు, అక్కడ జాక్సన్ కార్మన్‌ను తీసుకున్నారు. అతను లైన్‌లో కుదురుకోలేదు. సరిగ్గా 17 స్థానాల తర్వాత, 63వ ఎంపికలో కాన్సస్ సిటీ చీఫ్స్ క్రీడ్ హంఫ్రీ అనే సెంటర్‌ను పట్టుకున్నారు. 226వ ఎంపికలో ట్రే స్మిత్ అనే గార్డును కూడా. ఇద్దరూ మొదటి ఏడాది నుంచే ఆడారు. సూయెల్ పేరు మీద అరిచి అలసిపోయిన అభిమానుల్లో హంఫ్రీ గురించి అడిగినవాళ్లు ఎంతమంది?

చీఫ్స్ ఊరికే మేల్కోలేదు లెండి. 2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో వాళ్ల మొదటి వరస టాకిల్స్ ఇద్దరూ గాయాలతో లేరు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ ఆ రాత్రంతా ప్రాణభయంతో పరుగెత్తినట్టే ఆడాడు, టాంపా బే 31-9తో చితక్కొట్టింది. నెల తిరిగేసరికి గార్డ్ జో థూనీకి అయిదేళ్లకు 8 కోట్ల డాలర్ల ఒప్పందం, ఆ తర్వాత బాల్టిమోర్‌తో ట్రేడ్ చేసి ఒక లెఫ్ట్ టాకిల్, డ్రాఫ్ట్‌లో హంఫ్రీ, స్మిత్. రెండేళ్లకు మళ్లీ సూపర్ బౌల్. ఎదురుగా ఆ రెగ్యులర్ సీజన్‌లో 70 శాక్‌లు చేసిన ఫిలడెల్ఫియా. ఆ రోజు మహోమ్స్‌ను వాళ్లు ఒక్కసారి కూడా పడేయలేకపోయారు.

లైన్‌మీద పెట్టే డబ్బును చాలామంది స్టార్ లెక్కలోనే చూస్తారు. రిసీవర్ విషయంలో ఆ లెక్క సరే; ఒక చేజ్ ఉంటే మిగతా రిసీవర్లు మామూలువాళ్లయినా బండి నడుస్తుంది. లైన్‌లో అలా కాదు. నలుగురు బ్రహ్మాండంగా ఆడి అయిదోవాడు జారితే, ప్రత్యర్థి కోచ్ మ్యాచంతా అతని మీదకే మనుషులను తోలుతాడు. కాబట్టి ఒక మహా టాకిల్ కంటే బలహీనుడు లేని అయిదుగురు, వాళ్ల వెనక మరో ఇద్దరు ముగ్గురు పనికొచ్చే రిజర్వులు ముఖ్యం. 2022లో బెంగాల్స్ ముగ్గురు అనుభవజ్ఞులను కొన్నారు, మంచిదే. జనవరి వచ్చేసరికి వాళ్లలో ఇద్దరు, వాళ్లతో పాటు లెఫ్ట్ టాకిల్ కూడా, గాయపడ్డారు. బఫెలోను మంచులో ఓడించారు గానీ, తర్వాతి వారం కాన్సస్ సిటీలో బరో అయిదుసార్లు శాక్ అయ్యాడు. 23-20, ఇంటిదారి.

ఇంకో సంగతి అభిమానులు ఒప్పుకోరు. శాక్‌లన్నీ లైన్ తప్పు కాదు. 2024లో షికాగో బేర్స్ కొత్త క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్ 68 సార్లు శాక్ అయ్యాడు. చూసినవాళ్లకు తెలుసు, అందులో చాలా భాగం బంతిని వదలకుండా అటూ ఇటూ తిరిగి తెచ్చుకున్నవే. అయినా బేర్స్ వాడి తప్పు వాడే దిద్దుకుంటాడని కూర్చోలేదు. 2025లో నాలుగో రౌండ్ ఎంపిక ఇచ్చి థూనీని (చీఫ్స్ వదులుకున్న అదే థూనీ), ఆరో రౌండ్ ఎంపికతో మరో గార్డ్ జోనా జాక్సన్‌ను తెచ్చుకున్నారు. సెంటర్‌గా డ్రూ డాల్‌మన్‌కు మూడేళ్లకు 4 కోట్ల 20 లక్షల డాలర్లు. మొదటి రౌండ్ ఎంపికను మాత్రం టైట్ ఎండ్‌కు (అడ్డుకోవడమూ, బంతి పట్టడమూ చేసేవాడు) వాడుకున్నారు. శాక్‌లు 68 నుంచి 24కు పడిపోయాయి. 5 గెలిచి 12 ఓడిన జట్టు 11-6తో తన డివిజన్ (గ్రూపు) గెలిచింది. కొత్త కోచ్ బెన్ జాన్సన్ వాటా ఇందులో పెద్దదే, కాదనను. కానీ మధ్యలో ముగ్గురినీ ఒకే వేసవిలో మార్చడానికి ఎంత తక్కువ ఖర్చయిందో చూడండి.

ఇది కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఉన్నప్పుడే సాధ్యం. మొదటి ఒప్పందం నాలుగేళ్లు, అతని జీతం తక్కువ, మిగిలిన డబ్బు ఎక్కడైనా పెట్టొచ్చు. ఆ అవకాశం చేజారాక ఏమవుతుందో ఇండియానాపొలిస్ జట్టును అడగాలి. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ 2012లో మొదటి ఏడాదే 41 శాక్‌లు తిన్నాడు, భుజం నొప్పితో 2017 అంతా ఆడలేదు. 2018లో గాని మొదటి రౌండ్‌లో గార్డ్ క్వెంటన్ నెల్సన్ రాలేదు. ఆ ఏడాది శాక్‌లు 18, టచ్‌డౌన్ పాస్‌లు 39. మరుసటి ఆగస్టులో, 29 ఏళ్లకే, లక్ రిటైర్ అయ్యాడు.

ఇక బెంగాల్స్. 2023లో బరోకు అయిదేళ్లకు 27.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. 2025 మార్చిలో చేజ్‌కు నాలుగేళ్లకు 16.1 కోట్లు, మరో రిసీవర్ టీ హిగిన్స్‌కు 11.5 కోట్లు. అదే నెలలో గార్డ్ అలెక్స్ కాపాను వదిలేశారు. ఆ సెప్టెంబర్‌లో, సీజన్ రెండో మ్యాచ్‌లోనే, జాక్సన్‌విల్ డిఫెన్సివ్ లైన్‌మన్ ఒకడు దూసుకొచ్చి శాక్ చేశాడు. బరో కాలి బొటనవేలు దెబ్బతిని ఆపరేషన్ అయింది. మళ్లీ మైదానంలోకి వచ్చింది నవంబర్ చివర్లో, థాంక్స్‌గివింగ్ పండుగ రాత్రి.