కామన్ సెన్సే అయితే వివరించండి చూద్దాం

ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. నాకైతే మూడుసార్లు వచ్చింది, అందులో ఒకటి నన్ను బాగా ఎరిగినవాళ్ళే పంపారు. "నలుగురిలో ఎలా మసలుకోవాలో ఒకరు నేర్పాలా? అది కామన్ సెన్స్. పెద్దయ్యాక కూడా తెలియదంటే ఆటిజం ఒక సాకు, అసలు సంగతి ఎదుటివాళ్ళంటే లెక్కలేకపోవడం. నిజంగా ఆటిజం ఉంటే నేర్చుకోలేరు, నేర్చుకున్నారంటే అది లేనట్టే. అయినా చూసి నేర్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది?"

నాకు ఆటిజం ఉందని ముప్పై దాటాక తెలిసింది. కాబట్టి దీనికి వరసగా జవాబు చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నాను.

"అది కామన్ సెన్స్" అన్నారు. సరే, "చూద్దాంలెండి" అన్న మాటకు అర్థం చెప్పండి. ఒకసారి "వీలైతే చేస్తాను" అని. ఇంకోసారి "చెయ్యను, మళ్ళీ అడక్కండి" అని. ఏది ఎప్పుడో ఎలా తెలుస్తుందని చాలామందిని అడిగాను. "తెలిసిపోతుంది కదా" అన్నారు. పట్టు వదలకుండా అడిగితే ఒకాయన కాసేపు ఆలోచించి, గొంతు కాస్త తగ్గుతుందన్నాడు. చెప్పేముందు చిన్న విరామం ఉంటుందని ఇంకొకరు. చెప్పగానే మాట మార్చేస్తారని మరొకరు. అంటే నియమాలు ఉన్నాయి, పాటించేవాళ్ళకే ఆ సంగతి తెలియదు. "ఇంటికి" అని ఎందుకంటాం, "ఇల్లుకి" అని ఎందుకనం అని ఎవరినైనా అడగండి. తప్పు పలికితే వెంటనే పట్టుకుంటారు, కారణం మాత్రం చెప్పలేరు. ఇదీ అలాంటిదే. పైకి అన్న మాటకీ మనసులో ఉన్న మాటకీ మధ్య ఖాళీని వినేవాళ్ళు ఎలా పూరించుకుంటారో పాల్ గ్రైస్ అనే తత్వవేత్త 1967లో హార్వర్డ్ ఉపన్యాసాల్లో వివరించే ప్రయత్నం చేశాడు. భాషాశాస్త్రంలో ఆ చర్చ ఇప్పటికీ తెగలేదు. కామన్ సెన్స్‌కి ఇంత చర్చ ఎందుకో మరి.

"ఎదుటివాళ్ళంటే లెక్కలేదు." నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ మాటే. ఎదుటి మనిషి బాధలో ఉన్నారని పసిగట్టడం ఒకటి, ఆ బాధ పట్టించుకోవడం ఇంకొకటి. మొదటిది నాకు తరచూ తప్పిపోతుంది. "నాకు బాధగా ఉంది" అని నోటితో చెబితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు. లెక్కలేని మనిషి మధ్యాహ్నం అన్న ఒక్క వాక్యాన్ని అర్ధరాత్రి దాకా నెమరువేసుకుంటూ కూర్చోడు.

పైగా ఈ అర్థంకాకపోవడం రెండువైపులా ఉంది. తనకూ ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ఈ మాటే అన్నాడు: మేం మీకు అర్థం కానంతగా మీరూ మాకు అర్థం కారు, కానీ లోపం మాత్రం మా ఒక్కరి ఖాతాలో రాస్తారు. 2020లో ఒక అధ్యయనం వచ్చింది. ఎనిమిదేసి మందిని వరసపెట్టి, ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే అయిన వరసల్లో కథ మిగతావాళ్ళ వరసల్లో నిలిచినంత బాగానే నిలిచింది. ఆటిజం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసిన వరసల్లోనే ఎక్కువ జారిపోయింది. 2025లో 311 మందితో మళ్ళీ చేస్తే కలగలుపు వరసలు వెనకబడలేదు, అది కూడా చెప్పాలి. కానీ ఆటిజం ఉన్నవాళ్ళు తమలో తాము మాట్లాడుకోలేరన్నది రెండుసార్లూ తేలలేదు.

2017లో వచ్చిన ఇంకో అధ్యయనం చదివి నేను కాసేపు కదల్లేదు. ఆటిజం ఉన్నవాళ్ళు మాట్లాడుతున్న కొద్ది సెకన్ల వీడియో చూపించి వీళ్ళతో కలవాలని ఉందా అని అడిగితే, ఆటిజం లేనివాళ్ళు అంత ఆసక్తి చూపలేదు. అవే మాటలు కాగితం మీద రాసిస్తే ఆ తేడా కనిపించలేదు. మాటలు అవే, మనుషులూ వాళ్ళే. ఎవరికి ఎవరంటే లెక్కలేదో చెప్పండి.

"నేర్చుకున్నారంటే ఆటిజం లేనట్టే." దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆటిజం నిర్ధారణకు డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్‌ఎమ్-5 2013లో వచ్చింది. లక్షణాలు చిన్నప్పటి నుంచీ ఉండాలి గానీ, పెద్దయ్యాక నేర్చుకున్న పద్ధతుల వెనక దాగి ఉండవచ్చని అందులోనే ఉంది.

"ఎంతసేపు పడుతుంది?" ఎవరైనా "ఎలా ఉన్నారు" అంటే నిజంగానే ఎలా ఉన్నానో చెప్పేదాన్ని, మోకాలి నొప్పితో సహా. అలా కాదని తెలిసి "బాగున్నాను, మీరెలా ఉన్నారు?" అని ఏళ్ళ తరబడి అలవాటు చేసుకున్నాను. తర్వాత ఒకరోజు జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే డాక్టరు "ఎలా ఉన్నారు" అన్నాడు. నా నోట అదే వచ్చింది. ఆయన నావైపు అలా చూస్తుండిపోయాడు. నియమం వచ్చింది, మినహాయింపు ఎవరూ చెప్పలేదు.

మినహాయింపులన్నీ నేర్చుకున్నా టైముకి అందవు. 2009లో పది భాషల్లో కొలిచి చూస్తే, ప్రశ్నకీ జవాబుకీ మధ్య విరామం సగటున 200 మిల్లీసెకన్ల చుట్టూ తేలింది. నోట్లోంచి ఒక్క పదం రావడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. అంటే ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేలోపే అందరూ జవాబు సిద్ధం చేసేసుకుంటున్నారు. నేనేమో ఆగి, లెక్కకట్టి, అప్పుడు "సరే, వస్తాను" అంటాను. ఆ ఆగడం చూసి రావడం ఇష్టం లేదనుకుంటారు. పైన చెప్పుకున్న చిన్న విరామం ఇక్కడ నా మీదే తిరగబడుతుంది. సాయంత్రానికి తల బద్దలైపోయేది ఈ లెక్కలతోనే.

మెసేజ్‌లో ఒక్క ముక్క ఒప్పుకుంటాను. తెలియక నొప్పించినా నొప్పి నొప్పే. అలా జరిగిందని చెబితే క్షమాపణ అడుగుతాను, "నాకు ఆటిజం" అని తప్పించుకోను. కానీ చెప్పాలి.

నా స్నేహితురాలు ఒకామె ఇప్పుడు "చూద్దాం" అన్నాక కాస్త ఆగి, నా ముఖం చూసి, "అంటే రానని" అని కలుపుతుంది.