కర్చీఫ్ చట్టం

ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టే విద్యకి మనవాళ్లు పేటెంట్ తీసుకోకపోవడం ఘోరమైన పొరపాటు, కంప్యూటర్ వాళ్లు అదే పనికి ‘అడ్వైజరీ లాక్’ అని పేరు పెట్టుకుని దర్జాగా వాడుకుంటున్నారు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, ఇద్దరు ఒకేసారి రాయకుండా ఫైల్‌కి మామూలుగా వేసే తాళం అదే. ‘ఇక్కడ ఎవరైనా ఉన్నారా అండీ’ అని మర్యాదగా అడిగేవాడినే అది ఆపుతుంది. అడగనివాడు కర్చీఫ్ మీదే కూర్చుని, ఫైల్లో తోచింది రాసేసి దిగిపోతాడు.

పది మెషీన్లు ఒకే ఫైల్ మీద పడే చోట అసలు తిప్పలు కర్చీఫ్ వేసినవాడు పోయినప్పుడు. టీకి పోయాడా, పైకే పోయాడా, తెలీదు. ఒక మెషీన్లోని (సర్వర్) ఫైళ్లని నెట్‌వర్క్ మీద మిగతావాటికి పంచే ఎన్ఎఫ్ఎస్ వెర్షన్ 3 మహా సంస్కారవంతురాలు, వాడు మళ్లీ లేచి కబురు పెట్టేదాకా సీటు కాపాడుతుంది, వాడు ఇక లేవకపోతే అడ్మినే వచ్చి చేత్తో తీయాలి. వెర్షన్ 4కి ఆ మొహమాటం లేదు. పెన్షనర్లని ఏడాదికోసారి అడిగే లైఫ్ సర్టిఫికెట్‌ని ఇది నిమిషన్నరలోపే అడుగుతుంది (లైనక్స్ సర్వర్లో మామూలు లీజు, అంటే తాళం గడువు, 90 సెకన్లు), ఉలుకూ పలుకూ లేకపోతే ఇంకొకడు అడగ్గానే సీటు వాడిది.

సర్వరే పడిపోతే? బస్సు చెడిపోయి ఇంకో బస్సు వచ్చినట్టు. మొదట కాసేపు (ఇదీ మామూలుగా 90 సెకన్లే) గ్రేస్ పీరియడ్, పాత బస్సులో సీటున్నవాళ్లే ముందు ఎక్కాలి, కొత్తవాళ్లు కింద నిలబడాలి. మన బస్టాండులో ఏ కండక్టరూ చేయించలేని పని ఇది. ఒక అర్ధరాత్రి నా డ్యూటీలో ఆ 90 సెకన్లు ఓపిక పట్టలేక మేనేజర్ గారు ‘ఏం కదలట్లేదు, ఇంకోసారి రీస్టార్ట్ కొట్టవయ్యా’ అన్నారు. కొట్టాను. 90 మళ్లీ మొదటికొచ్చింది. అలా మూడుసార్లు కొట్టించారు, నాలుగోసారి ఆయనకి ఫోన్ రావడంతో సర్వర్ బతికింది.

ఒకే డిస్కుని చాలా మెషీన్లు (నోడ్లు) కలిసి వాడుకునే జీఎఫ్ఎస్2 క్లస్టర్లో అయితే సర్టిఫికెట్లు కూడా ఉండవు. జవాబివ్వని నోడ్‌కి ముందు కరెంటు పీకించి, చచ్చిందని రూఢి అయ్యాకే దాని తాళాలు వేరేవాళ్లకి పంచుతారు, అప్పటిదాకా అందరూ బిగుసుకుని కూర్చోవలసిందే. దీని పేరు ‘స్టోనిత్’, ఇంగ్లీషు పొడి అక్షరాలు విడదీస్తే ‘అవతలి నోడ్‌ని తలలో కాల్చెయ్’ అని. అన్యాయమే, కానీ పోయాడనుకున్నవాడు మధ్యలో లేచొచ్చి పాత డేటా రాస్తే మొత్తం ఫైల్ సిస్టమే గల్లంతు.

రెండే నోడ్లుండి మధ్యలో నెట్‌వర్క్ తెగితే ఎవరి మాట చెల్లాలో తేల్చే మెజారిటీ అనేదే ఉండదు. ఇదేమో అది పోయిందనుకుంటుంది, అదేమో ఇది పోయిందనుకుంటుంది, ఒక్కోసారి ఇద్దరూ ఒకే క్షణంలో ఒకరి కరెంటు ఒకరు పీకేస్తారు. బస్సంతా ఖాళీ, సీటు మీద కర్చీఫ్ మాత్రం అలాగే ఉంది.