సవరణ: అన్నవాహికలో ప్రతి గడ్డకూ ముక్క తీయకూడదు
అన్నవాహికలో గడ్డ కనిపిస్తే ఎండోస్కోపీలోనే పరీక్షకు ముక్క (బయాప్సీ) తీయించాలని గత వ్యాసంలో రాశాను. అది తప్పు. చదివినవారు డాక్టరును అలాగే ఒత్తిడి చేస్తారేమోనని బాధగా ఉంది.

పుండులా కనిపించే క్యాన్సర్‌కు ఆ మాట సరిపోతుంది, లియోమయోమాకు కాదు. ఇది కండర పొరలో పుట్టే, క్యాన్సర్ కాని కణితి. ఎండోస్కోపీలో నున్నటి ఉబ్బులా కనిపిస్తుంది, దానిపై లోపలి పొర చెక్కుచెదరకుండా ఉంటుంది. పైనుంచి గిల్లితే చాలాసార్లు ఆ పొర ముక్కే వస్తుంది, కణితి అందదు. పైగా గిల్లినచోట మచ్చకట్టి పొర కణితికి అతుక్కుంటుంది. తర్వాత సర్జన్ కణితిని ఒలిచి తీసేటప్పుడు సరిగ్గా అక్కడే పొర చిరగవచ్చు. అందుకే ముందు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో (ఎండోస్కోపీ గొట్టం కొనకు అమర్చిన స్కానింగ్‌తో) కణితి ఏ పొరలో ఉందో చూస్తారు. అనుమానం ఉంటేనే సన్నని సూదితో నమూనా తీస్తారు.

జీర్ణనాళం గోడలో పుట్టే జిస్ట్ అనే మరో రకం కణితిని కూడా లియోమయోమాతో కలిపేశాను. రెండూ వేరు. కణితి నమూనాలో ప్రోటీన్లను వెతికే పరీక్షల్లో, సాధారణంగా సీడీ117 అనే ప్రోటీన్‌కు జిస్ట్ పాజిటివ్‌గా, డెస్మిన్ అనే ప్రోటీన్‌కు లియోమయోమా పాజిటివ్‌గా తేలుతాయి. ఇమాటినిబ్ మాత్ర జిస్ట్‌కు వాడేది, లియోమయోమాకు కాదు. లక్షణాలు లేని చిన్న లియోమయోమాను చాలావరకు గమనిస్తూ ఉంటే చాలు.

మింగడం కష్టమైతే వెంటనే డాక్టరును కలవాలన్న మాటలో మాత్రం మార్పు లేదు.