పెయింటరే అసలు ఇంజనీరు

పాత టిప్పర్ కొనాలనుకునేవాళ్లకు ఇంజన్ గురించి తెలియాల్సిన పనేమీ లేదు. పెయింటర్లకు దండం పెట్టడం వస్తే చాలు. ఈ సంగతి నాకు మొన్న మే నెలలో బోధపడింది. కంకర క్వారీకి బండి కావాలని మా బావమరిది విజయవాడ ఆటోనగర్‌లో ఒక యార్డుకు లాక్కెళ్లాడు.

పది టైర్ల బండి. నారింజ రంగు క్యాబిన్, ముందు తాజా నిమ్మకాయలు, మిరపకాయలు. మావాడు అప్పటికే సగం పడిపోయాడు. బానెట్ మీద చెయ్యి వేస్తే కాలింది. చల్లని ఇంజన్ స్టార్ట్ చేస్తే ఎంత పొగ వస్తుందో మన కంట పడకూడదని పొద్దున్నే వేడి చేసి ఉంచారన్నమాట. అతిథి మర్యాదంటే అదీ! ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయించాను. గుప్పున పొగ.

"ఆవిరి సార్, చలికి" అన్నాడు బ్రోకరు, చెమట తుడుచుకుంటూ.

కిలోమీటర్ల మీటరు లక్షా నలభై వేల దగ్గర ఆగింది. నిజంగానే ఆగిపోయింది. క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం పూర్తిగా అరిగి ఇనుము తేలింది, పాపం దానికి అబద్ధమాడటం ఎవరూ నేర్పలేదు.

బాడీ ఎత్తించి, సపోర్టు పెట్టించి కిందికి దూరాను. ఛాసీ, అంటే బండి బరువంతా మోసే అడుగు చట్రం, మొత్తం మట్టి రంగు, ఒక్క జానెడు మేర మాత్రం నిగనిగలాడే నలుపు. తాళంచెవితో గీకితే కింద వెల్డింగ్ గీత.

"బలం కోసం కొట్టించాం సార్. కంపెనీవాళ్లు మర్చిపోయారు."

ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి కదా, అదెలా పాసైందని అడిగాను. కాగితం చూపించాడు, నిక్షేపంగా ఉంది. ఎఫ్‌సీ రోజున ఉన్న టైర్లు ఇవేనా అన్నాను. అవి వేరే బండికి వెళ్లాయట. ఆ బండీ పాసైందట.

ఇంత పనితనానికి ఏ కాలేజీ డిగ్రీ ఇస్తుంది చెప్పండి? పగులు కనబడకుండా చేయడం కన్నా, దాన్ని కొనేవాడికి ముద్దొచ్చేలా చేయడం కష్టం.

"బావా, ఎంతసేపు? రంగు చూశావా, షోరూం బండిలా లేదూ!" పైనుంచి మావాడి గొంతు.

బయటికి వచ్చేసరికి మావాడు యాభై వేలు అడ్వాన్స్ ఇచ్చేశాడు. నా చొక్కా భుజం మీద జానెడు నల్లటి మరక. ఇంకా తడి ఆరలేదు.