సీఆర్పీఎఫ్ ఆఫీసరు గారి సోఫా సెట్

ఫేస్‌బుక్‌లో వచ్చే మెసేజ్‌లు చూసి దేశ భద్రత గురించి నాకు కొత్తగా బెంగ పట్టుకుంది. సీఆర్పీఎఫ్‌లో ఒక ఆఫీసరు గారున్నారు. ఆయనకు వారానికి మూడుసార్లు బదిలీ అవుతోంది. అయిన ప్రతిసారీ సామానంతా తెగనమ్ముకుంటున్నారు. సోఫా సెట్, డబుల్ డోర్ ఫ్రిజ్, ఏసీ, టేకు మంచం, ట్రెడ్‌మిల్, చివర్లో ఒక బుల్లెట్ బండి. అన్నీ కొత్తవే, అన్నీ కారుచౌకే. పాపం, నిజం జవాను ట్రంకు పెట్టెతో రైలెక్కేస్తాడు.

ఈ సామాను అమ్మిపెట్టడానికి మన కలెక్టర్లు, ఎస్పీలు కూడా తీరిక చేసుకుంటున్నారు. అర్జీ పట్టుకుని వెళ్తే గేటు దాటనివ్వని కలెక్టరు గారు తనంతట తానే ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపి ‘ఎలా ఉన్నారు?’ అంటుంటే కళ్ళు చెమర్చవా మరి!

మొన్న ఆదివారం నా చిన్ననాటి స్నేహితుడి పేరుతో, వాడి ఫొటోతోనే ఇంకో ఖాతా నుంచి మెసేజ్. ‘హలో, మీరు ఎలా ఉన్నారు? మీ మొబైల్ నంబర్ పంపండి.’ నలభై ఏళ్ళుగా వాడు నన్ను ‘ఒరేయ్ సన్నాసీ’ అనే పిలుస్తాడు. ఆ ‘మీరు’ చూసి వాడికేమైనా అయిందేమోనని టెన్షన్ పట్టుకుంది. పైగా నా నంబరు అడగడమేమిటి? బోరు మోటారు కాలిపోయిందని పొద్దున్నే నాకు ఫోన్ చేసి అరగంట ఏడ్చాడు.

నంబరిచ్చాను. ‘నా ఫ్రెండ్ సీఆర్పీఎఫ్ ఆఫీసర్, బదిలీ అయింది, సామాను అమ్ముతున్నారు’ అని జవాబొచ్చింది. ఐదు నిమిషాల్లో ఆఫీసరు గారు వాట్సాప్‌లో దిగారు. డీపీలో యూనిఫాం, వెనకాలే ఐడీ కార్డు ఫొటో. నేనూ బేరానికి కూర్చున్నాను.

“సోఫాలో నల్లులేమైనా ఉన్నాయా సార్?”

“నో సార్, బ్రాండ్ న్యూ. ఆర్మీ ట్రక్‌లో మీ ఇంటికి వస్తుంది. ఫస్ట్ అడ్వాన్స్.”

“సీఆర్పీఎఫ్ హోంశాఖ కిందిది కదండీ, ఆర్మీ ట్రక్కు ఎలా దొరికింది?”

“ట్రస్ట్ మీ సార్.”

“మా సందులోకి పాల ఆటో కూడా రాదు.”

“నో ప్రాబ్లమ్. జవాన్లు మోస్తారు.”

ఎన్నికల బందోబస్తు వదిలేసి ఆరుగురు జవాన్లు నా సోఫా మోసుకొస్తారట! వాళ్ళకు కాఫీలా, మజ్జిగా అని మా ఆవిడతో చర్చిస్తుండగా క్యూఆర్ కోడ్ వచ్చింది. స్కాన్ చేస్తే తెరమీద ఆఫీసరు గారి పేరుకు బదులు ఏదో ట్రేడర్స్ అని కనిపించింది. బదిలీల మధ్య తీరిక దొరికినప్పుడు కందిపప్పు అమ్ముకుంటారు కాబోలు.

స్నేహితుడికి ఫోన్ చేసి, నీ ఫ్రెండ్స్ లిస్టు ఊరందరికీ కనబడుతోంది, ముందది మూసెయ్యరా అన్నాను. “సరే గానీ సన్నాసీ, ట్రెడ్‌మిల్ ఎంత చెప్పాడు?” అన్నాడు.

మా వీధి చివరింటి రిటైర్డ్ తెలుగు మాస్టారు మాత్రం ఫ్రిజ్ కొన్నారు. అడిగింది పాత శిష్యుడి పేరు, శిష్యుడి ఫొటో. కాదనగలరా? ముందు అడ్వాన్సు, ఆపైన లారీ బాడుగ, ఆపైన ‘గేట్ పాస్, తిరిగిచ్చేస్తాం’. మొత్తం 64 వేలు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసుంటే డబ్బు ఖాతాలు మారేలోపు ఎంతోకొంత ఆగేదేమో. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదాయన. కొడుకు తిడతాడని. తిట్టాడు కూడా, “చదువుకున్నావు కదా నాన్నా, ఆమాత్రం తెలీదా?” అని. బ్యాంకులో అయితే ఒకే మాట: “పిన్ను మీరే కొట్టారు కదండీ.”

అవును, ఆయనే కొట్టారు. మరి డబ్బు పడిన ఆ దొంగ బ్యాంకు ఖాతా ఎవరు తెరిచారు? కేవైసీ అంటూ ఆ పెద్దాయన్ని ఆధార్ జిరాక్సులతో మూడుసార్లు తిప్పి, సంతకం కలవలేదని వెనక్కి పంపిన బుద్ధిమంతులు, ఊరూపేరూ లేని డబ్బు పడి పది నిమిషాల్లో ఊడ్చుకుపోయే ఖాతాకు సంతకం ఎలా కలిపారు? కమీషన్‌కు కక్కుర్తిపడి పాసుబుక్కు, సిమ్ము అద్దెకిచ్చినవాణ్ణి ఎవరూ ఒక్క మాటనరే! నా స్నేహితుడి మొహం తగిలించుకున్న ఆ ఫేస్‌బుక్ ఖాతా మీద నేను రిపోర్ట్ కొడితే, ‘మా నిబంధనలకు విరుద్ధంగా ఏమీ లేదు’ అని జవాబొచ్చింది. ఇంకొకడి మొహంతో దొంగతనం చెయ్యడం విరుద్ధం కాకపోతే ఇంకేం విరుద్ధంరా, మీ నిబంధనలు తగలెయ్య!

నిన్న మాస్టారింటికి వెళ్ళాను. కొత్తది వస్తుందని పాత ఫ్రిజ్‌ను ముందే పాత సామాన్లవాడికి ఇచ్చేశారట. వంటింటి మూల శుభ్రంగా కడిగి ముగ్గు కూడా వేసుంది. పాలు విరిగిపోతాయేమోనని అమ్మగారు రెండోసారి కాస్తున్నారు.